మినికాయ్ దీవి – మితమెరిగిన బ్రతుకు

భారతదేశ పటంలో కేరళ తీరానికి పడమరగా, అరేబియా సముద్రంలో ముగ్గు చుక్కలవలె కనిపించే దీవులను మన విద్యార్థులందరూ చూచియే ఉంటారు. అవే లక్షద్వీపాలు. పేరులో లక్ష ఉన్నప్పటికీ జనావాసం గల దీవులు పది మాత్రమే. అన్నింటి భూభాగాన్ని కలిపి లెక్కించినా వైశాల్యం సుమారు 32 చదరపు కిలోమీటర్లు. వాటిలో అన్నింటికంటె దక్షిణాన, తక్కిన దీవులకు దూరంగా, ఒంటరిగా ఉన్నది మినికాయ్. అక్కడివారు తమ దీవిని ‘మలికు’ అని పిలుచుకొంటారు. కొచ్చి రేవు నుండి ఓడలో బయలుదేరినవారు దాదాపు 400 కిలోమీటర్ల సముద్రాన్ని దాటితే గాని ఆ తీరం కంటబడదు.

ఈ దీవిని సందర్శించే అవకాశం మాకు లభించింది. వెళ్లే ముందు దానిని గురించి మేము విన్న మాట ఒకటే – అది మిక్కిలి ప్రశాంతమైన బెస్త పల్లెల సీమ అని. చూచిన పిదప మాకు కలిగిన ప్రశ్న కూడా ఒకటే – ఆ ప్రశాంతతకు మూలమేమిటి? ఏ పనీ లేనిచోట ఏర్పడే నిశ్శబ్దం ఒకటి ఉన్నది. ప్రతివారూ తమ పనిని, తమ హద్దును ఎరిగి మెలగినచోట కలిగే నిశ్శబ్దం మరొకటి ఉన్నది. మినికాయ్‌లో వినిపించేది ఈ రెండవదని మా అభిప్రాయం. అందుకు గల ఆధారాలను ఈ వ్యాసంలో విద్యార్థుల ముందుంచదలచితిమి.

దీవి స్వరూపం

మినికాయ్ పగడపు దీవి. పగడపు జీవులనే చిన్న ప్రాణులు సముద్ర గర్భంలో వేల ఏండ్లుగా కట్టుకొంటూ వచ్చిన సున్నపు గూళ్ల మీద ఇసుక పేరుకొని ఈ నేల ఏర్పడింది. ఆకారంలో ఇది నెలవంకను పోలి ఉంటుంది. పొడవు సుమారు 10 కిలోమీటర్లు. వెడల్పు చాలచోట్ల ఒక కిలోమీటరు కూడా ఉండదు. నెలవంక లోపలి వైపున, అనగా పడమటి దిక్కున, పగడపు గోడ చుట్టివచ్చిన విశాలమైన నీటి మడుగు ఉన్నది. శాస్త్రజ్ఞులు దీనిని లగూన్ అంటారు. గోడకు ఆవలి వైపున సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. 1885లో బ్రిటిష్ వారు కట్టించిన దీపస్తంభం నేటికీ ఇక్కడ నిలిచి ఉన్నది. దాని మీది నుండి చూస్తే ఈ భేదం స్పష్టంగా తెలుస్తుంది. మడుగు నీరు లేత పచ్చ కలిసిన నీలం. ఆవలి నీరు సిరా వంటి ముదురు నీలం. ఈ రెండు రంగుల మధ్యనున్న సన్నని తెల్లని నురుగు గీతయే దీవికి కోటగోడ.

2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య 10,447. ఐదు చదరపు కిలోమీటర్లకు లోబడిన నేల మీద ఇంతమంది జీవించాలంటే నీరు ఎక్కడి నుండి వస్తుందని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. ఇక్కడ నది లేదు, చెరువు లేదు, కొండ లేదు. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరవలె తేలుతూ ఉంటుంది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కావడమే ఇందుకు కారణం. బావిలో చేదకు అందేది ఆ పొరలోని నీరే. అవసరానికి మించి తోడితే ఉప్పునీరు పైకి లేచి బావి చెడుతుంది. ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా వజూకు నీటిని మితంగానే వాడాలని మన పెద్దలు పిల్లలకు చెబుతారు. మన ఊళ్లలో అది నీతిబోధ. మినికాయ్‌లో అదే బ్రతుకు సూత్రం. మితం అనే మాట ఆ దీవి మట్టిలోనే ఉన్నదని చెప్పవచ్చు.

ఊరి కట్టుబాట్లు

దీవిలో పదకొండు ఊళ్లు ఒకదానిని ఆనుకొని ఒకటి ఉన్నాయి. ఊరిని వారి భాషలో ‘అవహ్’ అంటారు. బయటివారికి ఒక ఊరు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైనదో తెలియదు గాని, అక్కడి పిల్లవానిని అడిగితే హద్దు చూపగలడు. ప్రతి ఊరికీ ఒక ఊరి ఇల్లు ఉంటుంది. అతిథులను కూర్చుండబెట్టడం, పెద్దలు సమావేశం కావడం, పండుగ వంటలు జరగడం అక్కడనే. రంగులు వేసి, అలంకరించి, శుభ్రంగా ఉంచడంలో ఒక ఊరు మరొక ఊరితో పోటీ పడుతుంది. ‘జహాదోని’ అనే పొడవాటి పందెపు పడవ కూడా ఊరి ఉమ్మడి సొత్తే. పండుగ దినాలలో ఊరివారందరూ కలిసి దానిని తీర్చిదిద్ది, ఇతర ఊళ్లతో పందెం వేస్తారు.

ఊరివారు ఎన్నుకొన్న పెద్దను ‘బోడుకాక’ అంటారు. స్త్రీలకు వేరుగా ఒక పెద్ద ఉంటుంది. ఊరి పనులకు ఎవరు రావాలి, వీధులు ఎప్పుడు ఊడ్వాలి, తీరానికి పడవ లాగడానికి ఎందరు కావాలి అనే విషయాలు ఈ పెద్దల ద్వారా నిర్ణయమవుతాయి. మేము నడిచిన వీధులలో ఇసుక మీద చీపురు గీతలు ఉదయం పూట చెరగకుండా కనిపించేవి. కొబ్బరి మట్ట ఒక్కటి దారికి అడ్డంగా పడి ఉండగా చూడలేదు.

ఇక్కడి సమాజం దాదాపు పూర్తిగా ముస్లిం సమాజం. అయినను వంశాన్ని తల్లి వైపు నుండి లెక్కించే ఆచారం పూర్వం నుండి ఉన్నది. మినికాయ్ ఒకప్పుడు మాల్దీవుల సుల్తానుల అధీనంలో ఉండి, పిదప కన్ననూరులోని అరక్కల్ రాజవంశం చేతికి వచ్చింది. కేరళలోని ఆ ఏకైక ముస్లిం రాజవంశంలో కూడా తల్లి వైపు వారసత్వమే చెల్లింది. అందుచేత స్త్రీ కూడా సింహాసనమెక్కి ‘బీబీ’ అనే బిరుదుతో పాలించింది. మినికాయ్ పురుషులలో ఎందరో తరతరాలుగా ఓడ కళాసీలుగా పనిచేస్తూ నెలల తరబడి దూరదేశాల రేవులలో ఉంటారు. ఇల్లు, తోట, పిల్లల చదువు, ఊరి లావాదేవీలు అన్నీ స్త్రీల చేతిలో నడుస్తాయి. పరదా, విద్య, స్త్రీల హక్కులు అనే విషయాలపై మన సభలలో వాదోపవాదాలు జరుగుతూ ఉంటాయి. ముస్లిం సమాజమంటే అన్నిచోట్ల ఒకే అచ్చులో పోసిన బొమ్మ కాదని, నేలను బట్టి, వృత్తిని బట్టి దాని కట్టుబాట్లు రూపుదిద్దుకొంటాయని మినికాయ్ మనకు తెలుపుతున్నది.

గాలానికి ఒక్క చేప

మినికాయ్‌కు పేరు తెచ్చినది అక్కడి ట్యూనా వేట. మన ఉత్తరాంధ్ర తీరంలో ‘సూర’ అని పిలిచే చేపల కుటుంబమే ఇది. అందులో పొట్ట మీద నల్లని చారలుండే స్కిప్‌జాక్ అనే జాతి ఇక్కడ ప్రధానం. ఈ వేటను గడ, గాలం వేట అనవచ్చు. దీని పద్ధతిని విద్యార్థులు కొంత శ్రద్ధగా గమనించవలసి ఉన్నది.

మొదటి వేట ఎర కోసం. తెల్లవారుజామున పడవ మడుగులోకి వెళ్లి, పగడపు దిబ్బల చెంత చదరపు వలను నీటిలోకి దించుతుంది. వ్రేలెడు పొడవైనా లేని చిన్న చేపలు వల మీదికి చేరగానే నలువైపులా పట్టి పైకెత్తుతారు. ఈ చిన్న చేపలను ప్రాణంతో ఉంచడమే అసలు నేర్పు. పడవ అడుగున ఎర కోసం ఒక ప్రత్యేకమైన అర ఉంటుంది. ఆ అర అడుగున రంధ్రాలు చేసి ఉంటారు. వాటి గుండా సముద్రపు నీరు ఎప్పటికప్పుడు వచ్చి పోతూ ఉంటుంది. తక్కిన పడవలోనికి ఆ నీరు చొరబడకుండా గట్టి గోడలు ఉంటాయి. తన పడవకు తానే రంధ్రం చేసుకొని మునగకుండా సముద్రం దాటే ఈ ఉపాయాన్ని కనిపెట్టినవాని పేరు ఏ గ్రంథంలోనూ లేదు.

ఎర సిద్ధమైన పిదప పడవ పగడపు గోడలోని సందు గుండా వెలి సముద్రంలోకి పోతుంది. ఎక్కడ పక్షులు నీటి మీద గుంపుగా ముసురుకొని మునిగి లేస్తుంటాయో అక్కడ చేపల మంద ఉన్నదని గుర్తు. పడవ ఆ మందను సమీపించగానే ఒకడు సజీవమైన ఎరను పిడికిళ్లతో నీటిలోకి విసురుతాడు. అదే సమయంలో నీటి మీద నీటిని చిమ్ముతారు. పూర్వం చేతి తెడ్లతో చిమ్మేవారు. ఇప్పుడు మర సాయంతో చిమ్ముతున్నారు. ఆ తుంపరలు పడిన నీరు చిన్న చేపల గుంపు ఎగసిపడుతున్నట్లు భ్రమ కలిగిస్తుంది. పెద్ద చేపలు ఆకలి వెర్రితో పైకి వస్తాయి. పడవ వెనుక భాగమైన అమరం మీద వరుసగా నిలిచిన వారు మూడు నాలుగు మీటర్ల గడలకు కట్టిన గాలాలను నీటికి తాకిస్తారు. చేప పట్టుకొనగానే గడను ఎత్తి వెనుకకు విసరుతారు. గాలం కొనకు వెనుదిరిగిన ముల్లు ఉండదు గనుక చేప దానంతట అదే ఊడి పడవలో పడుతుంది. వెంటనే గాలం మళ్లీ నీటిలోకి దిగుతుంది. మంద లోతుకు దిగిపోతే వేట ముగిసినట్లే.

ఈ పద్ధతిలో మూడు విశేషాలున్నాయి. మొదటిది, ఒక గాలానికి ఒక్క చేపయే చిక్కుతుంది. తాబేలు, డాల్ఫిన్, పనికిరాని చేప, ఎదగని పిల్ల వలలో పడి వృథాగా చావడమనేది ఇందులో దాదాపు లేదు. రెండవది, పట్టుబడికి ఎరయే హద్దు. మడుగులో ఎంత ఎర దొరికితే అంతే వేట. మూడవది, పని ఒక్కని వల్ల కాదు. పడవ నడిపేవాడు, ఎర విసిరేవాడు, గాలం పట్టేవారు అందరూ కలిసి పది పదిహేను మంది ఒకే లయలో కదలాలి. కనుకనే పట్టుబడిని కూడా పడవ యజమానికి, పనివారికి వాటాల ప్రకారం పంచే ఆచారం నిలిచింది.

నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం ఉగ్రమై ఉన్నందున పడవలను ఒడ్డుకు లాగి కొబ్బరాకుల పందిళ్ల క్రింద ఉంచుతారు. అది పడవలకు మరమ్మతు కాలం, మనుషులకు విశ్రాంతి, సముద్రానికీ విశ్రాంతియే. మన ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తున్నది. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని, సంతతి పెరగాలని ఈ ఏర్పాటు. చట్టం ద్వారా మనం తెచ్చుకొన్న విరామాన్ని మినికాయ్‌కు ఋతువే తెచ్చిపెట్టింది. ఒకచోట ప్రకృతి గీచిన గీతను మరొకచోట శాసనం గీయవలసి వచ్చింది. పెద్ద పెద్ద వలలతో సముద్రపు అడుగును ఊడ్చే ట్రాలర్లు వచ్చిన తరువాత ఆ గీత తప్పనిసరి అయింది.

మాస్‌మీన్

శీతల యంత్రాలు లేని కాలంలో, వేడి ప్రదేశంలో, ఒకనాటి పట్టుబడిని ఏడాది పొడవునా నిలువ ఉంచడం ఎట్లా? ఈ ప్రశ్నకు దీవివారు చెప్పిన సమాధానమే ‘మాస్‌మీన్’. చేపను కోసి, ముల్లు తీసి, ముక్కలను ఉప్పునీటిలో ఉడికిస్తారు. ఉడికిన ముక్కలను పొగ మీద ఉంచి, ఆ తరువాత అనేక దినాలు ఎండలో ఆరబెడతారు. చివరకు అది కొయ్య ముక్కవలె నల్లగా, గట్టిగా తయారవుతుంది. కత్తితో చెక్కి కూరలో వేసుకోవాలి. జపాను దేశీయులు ఇదే జాతి చేపతో తయారుచేసే ‘కట్సువోబుషి’ దీనికి దూరపు బంధువు. పడవ తీరం చేరేవరకు పని పురుషులది. చేరిన తరువాత పని ఎక్కువగా స్త్రీలది. శ్రీలంకలో ఈ ఎండు చేపకు ‘ఉంబలకడ’ అని పేరు. అక్కడి వంటలలో ఇది లేనిదే రుచి లేదంటారు.

ఇది నేటి వ్యాపారం కాదు. 14వ శతాబ్దిలో మాల్దీవులకు వచ్చి అక్కడ ఖాజీగా పనిచేసిన ప్రసిద్ధ యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ చేపను గురించి వ్రాశాడు. పొగబెట్టి ఎండబెట్టిన ఆ చేపను హిందూదేశానికి, చైనాకు, యెమెన్‌కు ఎగుమతి చేసేవారని ఆయన వ్రాతల వలన తెలుస్తున్నది. మినికాయ్ వారు మాల్దీవుల వారికి భాషలోను, వృత్తిలోను సోదరులు. కాబట్టి ఆ వర్ణన వీరికి కూడా వర్తిస్తుంది. మారుమూల దీవి అని మనం అనుకొనేది ఒకప్పుడు ఓడల రహదారి మీద ఉండేది. 1969లో ఈ దీవిలో ట్యూనాను డబ్బాలలో నింపే కర్మాగారం వెలసింది. అయినను ఇళ్ల పెరళ్లలో మాస్‌మీన్ పొగ ఆరిపోలేదు.

ఉర్దూకు, తెలుగుకు నడుమ ఒక లిపి

ఉర్దూ, తెలుగు రెండింటినీ అక్కున చేర్చుకొన్న మన కళాశాలకు మినికాయ్ భాషను గురించి చెప్పకపోవడం లోపమే అవుతుంది. తక్కిన లక్షద్వీపాలలో మలయాళ భాషాభేదం వాడుకలో ఉండగా, మినికాయ్‌లో ‘మహల్’ మాట్లాడతారు. ఇది మాల్దీవుల ‘దివేహి’ భాషకు చెందినది. సింహళ భాషకు తోబుట్టువు. కనుక మూలంలో ఇది సంస్కృత, ప్రాకృతాల కుటుంబానికి చెందిన భాష. అందులో చేపను ‘మస్’ అంటారు. ఇది ‘మత్స్య’ శబ్దం నుండి ప్రాకృతం మీదుగా వచ్చిన మాట. మన ప్రబంధ కవులు స్త్రీని ‘మచ్చెకంటి’ అని వర్ణించారు. ఆ ‘మచ్చె’, ఈ ‘మస్’ ఒకే తల్లి బిడ్డలు.

ఈ భాషను వ్రాసే లిపి పేరు ‘తానా’. ఉర్దూవలె కుడి నుండి ఎడమకు వ్రాస్తారు. అయితే ఇందులోని అక్షరాలు అరబీ అక్షరాలు కావు. ఈ లిపిలో మొదటి తొమ్మిది హల్లులు అరబీ అంకెలైన 1 నుండి 9 వరకు గల గుర్తుల నుండి పుట్టాయి. తరువాతి తొమ్మిది హల్లులు అక్కడి ప్రాచీన దేశీయ అంకెల నుండి పుట్టాయి. అంకెలను అక్షరాలుగా మార్చుకొన్న లిపులు ప్రపంచంలో మిక్కిలి అరుదు. అచ్చుల కోసం అరబీలోని జబర్, జేర్, పేష్ వంటి గుర్తులను తీసుకొని హల్లుకు పైన, క్రింద ఉంచుతారు. ఉర్దూలో ఈ గుర్తులను సాధారణంగా వ్రాయము, చదివేవాడు ఊహించుకోవాలి. తానాలో మాత్రం ప్రతి అచ్చునూ తప్పక వ్రాయాలి. ఇది మన తెలుగు గుణింతపు స్వభావం. తలకట్టు, గుడి, కొమ్ము లేనిదే తెలుగు హల్లు పలకదు గదా! ఈ విధంగా తానా లిపి దారి ఉర్దూది, పద్ధతి తెలుగుది. తానాకు ముందు వాడిన లిపి ఎడమ నుండి కుడికి సాగేది. అది మన లిపివలెనే బ్రాహ్మీ సంతతికి చెందినది.

ఇక్కడ ఒక విచారకరమైన అంశం కూడా ఉన్నది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో నేడు 22 భాషలున్నాయి. ఉర్దూ ఉన్నది, తెలుగు ఉన్నది; మహల్ లేదు. పాఠశాలలలో అది బోధనా మాధ్యమం కాదు. మన దేశంలో దానిని ఇంటి భాషగా గలవారు ఒక చిన్న పట్టణానికి సరిపడినంతమంది మాత్రమే. మనలో ఉర్దూ భవిష్యత్తును గురించి చింతించేవారు అనేకులున్నారు. ఆ చింత సహేతుకమే. కాని మనకంటె చిన్న అల్పసంఖ్యాకులు కూడా ఉన్నారని, వారు ఫిర్యాదు చేయడంతోనే ఆగక ఇంటిలో తల్లి నోట, పడవ మీద తండ్రి నోట భాషను నిలుపుకొంటూ వచ్చారని తెలుసుకోవడం అవసరం.

మేకు లేని ఓడ

మినికాయ్ విద్యను గురించి చెప్పేటప్పుడు శ్రీ అలీ మానిక్‌ఫాన్ పేరు స్మరించక తప్పదు. ఆయన 1938లో ఈ దీవిలోనే జన్మించారు. బడి చదువును మధ్యలోనే విడిచి, స్వయంకృషితో అనేక భాషలను, నౌకా నిర్మాణాన్ని, ఖగోళ శాస్త్రాన్ని, సముద్ర జీవశాస్త్రాన్ని అభ్యసించారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో పనిచేశారు. ఆయన గుర్తించిన ఒక చేపకు శాస్త్రజ్ఞులు ఆయన పేరునే పెట్టారు. బ్రిటిష్ అన్వేషకుడు టిమ్ సెవెరిన్ పూర్వపు అరబ్బు ఓడ ఒకదానిని ఒమన్‌లో మళ్లీ నిర్మింపదలచినప్పుడు, మానిక్‌ఫాన్ తన పనివారితో వెళ్లి ఆ పనిలో ప్రధాన పాత్ర వహించారు. ‘సోహార్’ అనే ఆ ఓడలో పలకలను మేకులతో బిగించలేదు. కొబ్బరి పీచు తాళ్లతో కుట్టారు. 1980లో మస్కట్ నుండి బయలుదేరిన ఆ ఓడ 1981లో చైనాలోని కాంటన్ రేవును చేరింది. 2021లో భారత ప్రభుత్వం మానిక్‌ఫాన్‌కు పద్మశ్రీ ప్రకటించింది.

కుట్టిన పడవ మన తీరానికి కొత్త కాదు. కోరమాండల్ తీరంలో అలల తాకిడిని తట్టుకొనుటకు వాడిన మసూలా పడవలను కూడా ఇట్లే కుట్టేవారు. మేకు కొట్టిన పలక అల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పలక కొంచెం వంగి మళ్లీ సర్దుకొంటుంది. పడమటి దీవులలోను, తూర్పు తీరంలోను సముద్రం ఒకే పాఠం నేర్పిందన్నమాట. ఇందులో విద్యార్థులు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. పట్టాలకు విలువ లేదని మేము చెప్పడం లేదు. పట్టాల కోసమే ఈ కళాశాల నడుస్తున్నది. అయితే తాతల చేతిపనిని హీనమని విడిచిపెట్టకుండా, దానిని శాస్త్ర దృష్టితో అభ్యసించిన వాని ఎదుట పెద్ద పెద్ద సంస్థలే తలవంచాయి.

వేడెక్కిన నీరు

మితంగా బ్రతికేవారిని లోకం మితంగా బ్రతకనిస్తుందా? మినికాయ్ ముందున్న కఠిన ప్రశ్న ఇదే.

పగడపు జీవుల ఒంటిలో కంటికి కనిపించని నాచు మొక్కలు నివసిస్తాయి. పగడానికి రంగును, ఆహారంలో పెద్ద భాగాన్ని ఇచ్చేవి అవే. నీటి వేడి కొన్ని వారాల పాటు మామూలును మించినప్పుడు పగడం ఆ నాచును వెడలగొట్టి, ఎముకవలె తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. లక్షద్వీప సముద్రంలో 1998లోను, 2010లోను, 2016లోను ఇట్టి విపత్తులు సంభవించాయి. 2024లో మళ్లీ సంభవించింది. పగడం చస్తే దాని కొమ్మలలో తలదాచుకొనే చిన్న చేపలకు నీడ ఉండదు. చిన్న చేపలు లేకుంటే ఎర లేదు. ఎర లేకుంటే గాలం వేట లేదు. వేట లేకుంటే మాస్‌మీన్ లేదు, వాటాలు లేవు, పది పదిహేను మంది ఒకే లయలో నిలిచే అమరం లేదు. ఒక్క డిగ్రీ వేడి ఊరి కట్టుబాటును కూడా కదిలించగలదన్నమాట. సముద్రమట్టం పెరిగితే మంచినీటి పొరకు కలిగే ముప్పు ఇంకొకటి. లోకంలోని కర్మాగారాలు, వాహనాలు వెలువరించే పొగలో ఈ దీవివారి పాలు ఎంత? లెక్కించడానికి కూడా చాలనంత. ఫలితం మాత్రం అందరికంటె ముందు వారి గుమ్మంలోకి వస్తున్నది.

లోపలి మార్పులు కూడా ఉన్నాయి. 1960ల నుండి పడవలకు ఇంజన్లు వచ్చాయి. దాని వలన దూరం పోవడం సులభమైంది, ప్రాణభయం తగ్గింది, ఇది మేలే. కాని పడవ పెద్దదైన కొలది ఎర అవసరం పెరిగింది. అందరిదైన మడుగులో ఎవరెంత ఎర పట్టాలనే ప్రశ్న తలెత్తక మానదు. యువకులకు చదువు, ఉద్యోగం వేరే దారులు చూపుతున్నాయి. 2024 మార్చిలో భారత నౌకాదళం ‘జటాయు’ అనే స్థావరాన్ని ఈ దీవిలో ప్రారంభించింది. ఎనిమిది డిగ్రీల కాలువ మీదుగా సాగే ఓడల మార్గం సమీపంలో ఉన్నందున ఈ దీవికి దేశరక్షణ దృష్ట్యా ప్రాముఖ్యం కలదు. యాత్రికుల రాకను పెంచాలనే ఆలోచన కూడా సాగుతున్నది. దీవివారు మార్పునకు విముఖులని ఎవరూ అనలేరు. ప్రపంచపు ఓడలన్నింటిలో పనిచేసినవారు లోకం తెలియనివారు కారు. తమ మడుగుకు, తమ బావికి గల హద్దును లెక్కలోకి తీసుకొన్న తరువాతనే ఏ కట్టడమైనా రావాలి. నేల లేనిచోట తప్పు దిద్దుకొనడానికి రెండవ అవకాశం ఉండదు.

మనం గ్రహించవలసినది

మన విద్యార్థులలో అధిక సంఖ్యాకులు చేతివృత్తుల కుటుంబాల నుండి వచ్చినవారు. దూదేకుల వారు, నేతవారు, దర్జీలు, తోలుపని, బండిపని చేసేవారు మన తల్లిదండ్రులలో ఉన్నారు. తండ్రి వృత్తిని చెప్పుకొనడానికి సంకోచించే విద్యార్థిని మేము తరగతిలో తరచు చూస్తున్నాము. అట్టివానికి మినికాయ్ గాలపు వేటగాడు మంచి ఉదాహరణ. చేతిలో ఉన్నది ఒక గడ, ఒక గాలం. దాని వెనుక ఉన్నవి పక్షుల నడత, నీటి రంగు, గాలి వాలు, చేప స్వభావం, తోటివారితో పొత్తు – ఇన్ని శాస్త్రాలు. వాటిని పుస్తకంలో వ్రాసి ఉంటే పాఠ్యాంశమయ్యేవి. వ్రాయలేదు గనుక పనిగా మిగిలిపోయాయి. వ్రాయవలసినవారు మీరే.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఇది. వచ్చే సంవత్సరం విద్యార్థి బృందాలను ఏదో ఒక బెస్త పల్లెకు గాని, నేత వాడకు గాని పంపి, అక్కడి పనిముట్ల పేర్లను, పని పద్ధతులను, వాటాల కట్టుబాట్లను సేకరింపజేయాలి. తెలుగు విభాగం తెలుగులోను, ఉర్దూ విభాగం ఉర్దూలోను వ్రాసి, రెండింటినీ ఈ సంచికలోనే ఎదురెదురుగా ప్రచురించవచ్చు. ఖర్చు స్వల్పం; ప్రయోజనం అధికం. మరొక తరం గడిస్తే ఆ మాటలు చెప్పేవారు ఉండరు.

మినికాయ్ సంపన్నమైన దీవి కాదు. అక్కడ కూడా కలతలు, కొరతలు లేకపోలేదు. అయినను సముద్రమంత సంపద ఎదుట నిలిచి, గాలానికి ఒక్క చేపను మాత్రమే కోరుకొన్న ఆ పల్లెలు వందల ఏండ్లు ఆకలి లేకుండా జీవించాయి. కావలసినంత తీసుకొని, మిగిలినదానిని రేపటికి, తరువాతి వారికి విడిచిపెట్టడాన్ని మన పెద్దలు మితమన్నారు. ఇస్రాఫ్ కూడదని మన ధర్మం హెచ్చరించినది కూడా దీనినే. తరగతి గదిలో మేము ఎన్ని గంటలు చెప్పినా కలగని నమ్మకం, ఆ తీరాన ఎండుతున్న నాలుగు చేప ముక్కలను చూచినప్పుడు కలుగుతుంది. మన విద్యార్థులు ఎప్పటికైనా ఆ దీవిని చూతురు గాక. చూడలేనివారు తమ ఊరి చెరువు గట్టునైనా ఒక ఉదయం నిలిచి, అక్కడ వల విసిరేవాని చేతిని శ్రద్ధగా గమనింతురు గాక.